ఆకు దిగే వేళ: డిరే దావా, అవదాయ్, హరార్

శుక్రవారం, డిరే దావా

మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి తూర్పు ఇథియోపియాలోని డిరే దావా వీధుల తీరే మారిపోతుంది. అంతవరకు ఇనుప సామాను కొట్ల ముందు బేరాలాడుతున్నవాళ్లు, మూటలు దించుతున్న హమాలీలు, ఆఫీసుల్లోంచి బయటికొచ్చిన గుమస్తాలు అందరూ వీధి మలుపుల వైపే నడుస్తారు. అక్కడ గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి కొండ మీది నుంచి వ్యాన్లలో ఖాత్ దిగుతుంది, నమిలితే హుషారెక్కించే ఆకు. తడిగుడ్డ తొలగించడమే ఆలస్యం, చుట్టూ చేతులు. కట్ట విప్పి చూసేవారు, చిగురు తుంచి నమిలి చూసేవారు, ధర దగ్గర అలిగి వెళ్లి మళ్లీ వచ్చేవారు. అరగంటలో సగం సరుకు ఖాళీ. "ఇక సాయంత్రం దాకా ఈ ఊళ్లో ఏ పనీ జరగదక్కా" అన్నాడు తమ్ముడు.

వాడు కొన్నేళ్లుగా ఇక్కడ పాఠాలు చెబుతున్నాడు. ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో తెలుగు అధ్యాపకులు చాలామంది పనిచేశారు. అక్కడి నుంచి పరిశోధన కోసం విశాఖపట్నం వచ్చే విద్యార్థులూ మాకు కొత్త కాదు. మా వీధిలో అద్దెకున్న ఇథియోపియా కుర్రాళ్ల నోటనే ఖాత్ మాట నేను మొదట విన్నాను. ఊరి మీద బెంగపడినప్పుడు అమ్మ చేతి వంట తరువాత వాళ్లు తలచుకునేది ఆ ఆకునే.

తమ్ముడి ఇంట్లో పనికి సాయం చేసే ఆమె భర్త ఆటో నడుపుతాడు. ఇథియోపియాలో ఆటోను ఎవరూ ఆటో అనరు, బజాజ్ అంటారు. ఊరంతా మన పుణె కంపెనీ బళ్లే. ఆ పూట మమ్మల్ని కెజీరా నుంచి మెగాలాకు తీసుకెళ్లింది అతనే. కెజీరా రైలు కోసం ఫ్రెంచివాళ్లు గీత గీసి కట్టిన పేట. వెడల్పాటి వీధులు, చెట్ల నీడ. జిబూటి నుంచి వచ్చిన రైలు 1902లో ఇక్కడికి చేరాకే ఈ ఊరు పుట్టింది. దెచాతు వాగు దాటితే మెగాలా, అంటే అంగడి పేట. వాగులో చుక్క నీరు లేదు, ఇసుకలో మేకలు తిరుగుతున్నాయి. 2006 ఆగస్టులో రాత్రికి రాత్రి ఈ వాగే పొంగి 200 మందికి పైగా ప్రాణాలు తీసిందంటే నమ్మబుద్ధి కాదు.

దారిలో అతను బండి ఆపి కట్ట కొన్నాడు. 250 బిర్లు. బిర్ అంటే అక్కడి రూపాయి. నేను వెళ్లినప్పుడు ఒక బిర్ మన రూపాయిలో సుమారు మూడింట రెండు వంతులు పడేది. మంచి బేరం తగిలిన రోజు పెట్రోలు, బండి అద్దె పోను 600 మిగులుతుందట. అందులో 250 ఆకుకు, పైన వేరుశనగపప్పు, కోలా, సిగరెట్లు. లెక్క అతనే చెప్పాడు, ఏమీ దాచలేదు. "నమలకపోతే సాయంత్రం బండి నడపలేను, నమిలితే రాత్రి నిద్రపట్టదు" అన్నాడు.

ఆకును దగ్గరగా చూశాను. మూరెడు కొమ్మ, చివర ఎర్రబారిన చిగురు, నూనె రాసినట్టు మెరుపు. ముదురాకులు వదిలేస్తారు. లేతవి ఒక్కొక్కటే గిల్లి బుగ్గన పెట్టుకుంటారు. రసం మింగుతూ పిప్పిని దవడ పక్కన ఉండలా పేర్చుకుంటారు. నేనూ ఒక ఆకు నమిలాను. ముందు వగరు, వెంటనే చేదు. నోరు ఎండిపోయి నాలుక అంగిటికి అతుక్కుంది. అందుకే ప్రతివాళ్ల పక్కనా నీళ్ల సీసా ఉంటుంది.

ఇందులో పనిచేసే పదార్థం పేరు కాథినోన్. ఆంఫెటమిన్‌కు దగ్గరి చుట్టం. మన దేశంలో నిషిద్ధ మత్తు పదార్థాల జాబితాలో ఉంది. ఇథియోపియాలో మాత్రం ఈ ఆకు పండించడం, అమ్మడం, నమలడం అన్నీ చట్టబద్ధమే. కొమ్మ కోసిన దగ్గర్నుంచి కాథినోన్ విరిగిపోతూ వస్తుంది. రెండు రోజులైతే ఆకులో పస చాలావరకు పోతుంది. ఈ ప్రాంతంలో నేను చూసిన హడావుడికంతటికీ మూలం అదే.

శనివారం, అవదాయ్

డిరే దావాలో ఎండ మండిపోతుంది. హరార్ వెళ్లే మినీబస్సు దెంగెగో కనుమ ఎక్కేసరికి ఒంటి మీద శాలువా కావాలనిపిస్తుంది. మనిషికి 150 బిర్లు. కిటికీలోంచి చూస్తే కొండవాలులో మెట్లు మెట్లుగా ఖాత్ చేలు, సాళ్ల మధ్య జొన్న. ఒకటి రెండు చోట్ల చేను మధ్యలో కర్రలతో కట్టిన మంచె కనిపించింది. పంట కోతకొచ్చిన రోజుల్లో రైతు అక్కడే పడుకుంటాడు. ఒక్క రాత్రి దొంగలు పడితే మూడు నెలల కష్టం పోతుంది.

అవదాయ్ హరార్‌కు కాస్త ఇవతల, రోడ్డుకు రెండు పక్కలా పరుచుకున్న ఊరు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఖాత్ బజారు ఇదేనంటారు. బస్సు దిగగానే కాలి కింద మెత్తగా తగిలింది. నేలంతా ఆకు రాలి పరుపులా ఉంది. దాని మీదే వందలమంది ఆడవాళ్లు పసుపు, నారింజ, వంగపండు రంగు ముసుగుల్లో కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు గోనె, గోనెలో అరటాకులు, వాటి మధ్య కట్టలు. నెత్తి మీద మూటలతో పరుగెత్తే కుర్రాళ్లు "తప్పుకో" అని అరవరు, భుజంతో నెడతారు. ఆ నెట్టుడును ఎవరూ తప్పుపట్టరు.

నాతో వచ్చిన మరదలికి ఒరోమో భాష కొంత వచ్చు. ఒక పెద్దావిడ పక్కన చోటు చూసుకుని కూర్చున్నాం. ముందు "హింద్?" అని అడిగింది. అవునన్నాక, చిన్నప్పుడు వాళ్ల ఊరి బడిలో లెక్కలు చెప్పింది ఇండియా మాస్టారేనని చెప్పి, చీర కొంగు పట్టుకుని చూసింది. ఆ తరం ఇథియోపియాలో ఈ మాట చాలామంది అంటారు. చక్రవర్తి హైలే సెలాసీ కాలంలో మన దేశం నుంచి, ముఖ్యంగా కేరళ నుంచి, ఎందరో ఉపాధ్యాయులు ఇక్కడి బళ్లకు వచ్చారు.

ఆవిడ వ్యాపారం చూస్తూ రెండు గంటలు గడిపాను. తెల్లవారుజామున రైతుల దగ్గర మోపు కొంటుంది. చిగురు పొడవు, రంగు, తాజాదనం చూసి మూడు నాలుగు రకాలుగా విడదీస్తుంది. తేలిక రకం కట్ట 150, నడిమి రకం 400, పెళ్లిళ్లకూ పెద్దమనుషులకూ వెళ్లేది వెయ్యి దాటుతుంది. ధర గంట గంటకూ మారుతుంది. పొద్దున 400 పలికినది చీకటి పడ్డాక సగానికి పడిపోతుంది, మర్నాటికి మేకలకు వేస్తారు. ఆకు వాడకుండా మాటిమాటికీ చేత్తో నీళ్లు చిలకరిస్తుంది. బేరం మాత్రం నవ్వుతూనే. కొనేవాడి కళ్లలోకి చూసి ఒక ధర చెప్పి, ఆ తరువాత మాట్లాడదు. అతను అవతలికి వెళ్తే పిలవదు. తిరిగొస్తాడని ఆమెకు తెలుసు. వచ్చాడు కూడా.

ముగ్గురు పిల్లల్ని ఈ గోనె మీదే చదివించానంది. ఒకమ్మాయి నర్సు. "మీ అబ్బాయి నములుతాడా?" అని మరదలి చేత అడిగించాను. ఆవిడ చేతిలో కట్ట కింద పెట్టింది. "నా ఇంట్లో ఎవరూ నమలరు. నమిలితే నా గడప తొక్కొద్దని చెప్పాను" అంది. పక్కన కూర్చున్న ఆడవాళ్లు తలలూపారు. ఆ వరసలో ఒక్కరి బుగ్గన కూడా ఆకు లేదు. అమ్మేది ఆడవాళ్లు, నమిలేది ఎక్కువగా మగవాళ్లు. ఆడవాళ్లూ నములుతారు గానీ ఇళ్లలో, తలుపు వేసుకుని.

మధ్యాహ్నం ఇసుజు లారీలు బారులు తీరాయి. ఇక్కడి సరుకు జిజిగా మీదుగా సోమాలీలాండ్ సరిహద్దుకు పోతుంది, ఇటు జిబూటికీ పోతుంది. జిబూటిలో రోజూ మధ్యాహ్నానికల్లా ఆకు అందాలి, అందకపోతే గొడవే. ఆ డ్రైవర్ల వేగం చూసి దారిన నడిచే వాళ్లు లారీ కనబడగానే రోడ్డు దిగి నిలబడతారు. ఖాత్ ఎగుమతి మీద ఇథియోపియాకు ఏడాదికి 40 కోట్ల డాలర్ల దాకా వచ్చిన సందర్భాలున్నాయి. నెదర్లాండ్స్ 2013లో, బ్రిటన్ 2014 జూన్‌లో నిషేధించినప్పుడు విమానమెక్కే మేలురకం ఆకు పండించిన తూర్పు ఆఫ్రికా రైతులకు దెబ్బ తగిలింది. అవదాయ్‌కి మాత్రం అసలు కొనుగోలుదారు ఎప్పుడూ పక్కింటివాడే, సోమాలీ. ఆ సరిహద్దు మూసుకున్న రోజున ఈ ఊళ్లో పొయ్యి వెలగదు.

ఫోటో తీయబోతే పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది. ఫోను లోపల పెట్టేశాను.

ఆదివారం, హరార్

హరార్ పాత పట్నాన్ని జుగోల్ అంటారు. చుట్టూ కోటగోడ, లోపల 82 మసీదులు, వందకు పైగా దర్గాలు. యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సందులు ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒదగాల్సినంత ఇరుకు. కుట్టుమిషన్లు వరసగా టకటకలాడే దర్జీల సందులోకి వెళ్లి, అక్కడి నుంచి మాంసం బజారు వెతుక్కుంటూ దారితప్పి ఒక ఇంటి పెరట్లో తేలాం. ఆ ఇంటి ముసలాయన కోప్పడలేదు. మనవరాలిని తోడిచ్చి పంపాడు. ఆ పిల్ల చెయ్యి చాచి డబ్బు అడగలేదు, ఇస్తే తీసుకోలేదు.

పొద్దున ఫతీరా తిన్నాం. పల్చగా సాగదీసిన పిండిలో గుడ్డు పెట్టి పెనం మీద కాల్చి, పైన తేనె పోస్తారు. ప్లేటు 150 బిర్లు, ఇద్దరికి చాలింది. మధ్యాహ్నం హరారీ కుటుంబం ఇంట భోజనం. మెంతులు నానబెట్టి నురగ వచ్చేదాకా గిలకొట్టి చేసే హుల్బెత్ అనే ముద్ద వాళ్లకు ప్రాణం. మెంతి చేదు నాలుకకు తగిలేసరికి నాకూ ఊపిరి లేచొచ్చింది. తరువాత కుటి, అంటే వేయించిన కాఫీ ఆకులతో కాచిన కషాయం. కాఫీ గింజలు అమ్ముకుని రైతు ఇంట్లో తాగేది ఇదేనట.

హరారీ ఇల్లు చూడవలసిందే. గడప దాటగానే మెట్లుమెట్లుగా అరుగులు, ఎవరి హోదాను బట్టి వారికి ఒక అరుగు. గోడల నిండా రంగురంగుల అల్లిక బుట్టలు, చదునైన తట్టలు. భోజనమయ్యాక ఆ అరుగుల మీదే ఖాత్ కూటమి మొదలైంది. దీన్ని బెర్చా అంటారు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, దిండ్లకు చేరబడ్డారు. సాంబ్రాణి వేశారు. పెద్దాయన ప్రార్థన చేసి తొలి చిగుళ్లు చుట్టుపక్కల వాళ్లకు పంచాడు. తన కట్టలోంచి పక్కవాడికి మేలైన కొమ్మ ఇవ్వడం మర్యాద. ఎదుటివాడు ఇచ్చింది కాదనడం మొరటుతనం. ఆడవాళ్లం పక్క గదిలో కూర్చున్నా మధ్య తలుపు తెరిచే ఉంది.

మొదటి గంట మాటల వరద. పొలం తగాదా తీర్మానమైంది, ఒక పెళ్లి సంబంధం మాటల్లోకి వచ్చింది, పక్క ఊరి పెద్దమనిషి అప్పు వాయిదా పడింది. ఆ తరువాత గొంతులు తగ్గాయి. ఎవరి ఆలోచనలో వాళ్లు. ఈ స్థితిని మిర్కానా అంటారు. ఆ పెద్దాయన రాత్రంతా జిక్ర్, అంటే దైవనామ స్మరణ, చేస్తూ మేలుకోవడానికి ఈ ఆకు మా పెద్దలకు తోడని చెప్పాడు. చరిత్రలోనూ ఆధారముంది. 1332 నాటి యుద్ధాల గురించి రాసిన ఇథియోపియా రాజు అమ్దా సెయోన్ చరిత్రలో, పొరుగు ముస్లిం రాజ్యమైన ఇఫాత్ సుల్తాను నీ రాజధానిలో ఖాత్ నాటిస్తానని బెదిరించినట్టు ఉంది. దాదాపు ఏడు వందల ఏళ్ల అలవాటును బయటివాళ్లం వచ్చి చెడు వ్యసనమని ఒక్కమాటలో తేల్చేయలేం. ఆ గదిలో కూర్చున్నాక నాకు ఈ సంగతి గట్టిగా తోచింది. వారానికి ఒకసారి, పదిమందితో, ప్రార్థనతో మొదలుపెట్టే ఆకు వేరు. బజాజ్ సీటులో ఒంటరిగా, రోజూ, ఖాళీ కడుపుతో నమిలే ఆకు వేరు. ఆకు ఒకటే, చేసే పని మాత్రం ఒకటి కాదు.

చీకటి పడ్డాక కోట బయట దుమ్ములగొండ్లకు మాంసం పెట్టే చోటికి అందరూ వెళ్తారు. మేమూ వెళ్లాం, చూశాం, వచ్చాం.

సోమవారం, హరమాయ

హరమాయ చెరువు చూద్దామని బజాజ్ మాట్లాడుకున్నాం. డ్రైవరు అడ్డదారి అంటూ మట్టిబాట పట్టించాడు. అది చెరువుకు కాదు, ఒక ఖాత్ చేనుకు పోయి ఆగింది. చేను యజమాని మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి, ముందు కూర్చోమన్నాడు. ఇక్కడ వచ్చిన పని అడగడం తరువాతి మాట, ముందు కూర్చోబెట్టాలి.

ఆయనకున్నది ఎకరం కన్నా కాస్త ఎక్కువ. అందులో ఒకప్పుడు తండ్రి కాఫీ వేశాడట. హరార్ కాఫీకి ప్రపంచమంతా పేరు. 1970లలో కాయకుళ్లు తెగులు వచ్చింది. 2000 తరువాత ధర నేలకు దిగింది. కాఫీ ఏడాదికి ఒకసారి చేతికొస్తుంది, కొనేవాడు చెప్పిందే ధర. ఖాత్‌కు నీళ్లు పెడితే ఏడాదికి రెండు మూడు కోతలు, డబ్బు అదే రోజు చేతిలో. "కాఫీ మొక్కలు పీకినప్పుడు మా నాన్న మూడు రోజులు అన్నం తినలేదు. తరువాత ఇంటికి రేకుల కప్పు పడింది" అన్నాడు. మా విశాఖ మన్యంలో అరకు రైతులకు కాఫీయే దారి చూపింది. కాఫీ పుట్టిన దేశంలో కాఫీని పీకుతున్న రైతు ఎదురుగా కూర్చుని, అరకు సంగతి చెప్పాను. ఆయన కిలో ఎంతకు అమ్ముతారని అడిగాడు. చెప్పాను. లెక్క వేసుకుని, చాలదు అన్నాడు.

నీళ్లు ఎక్కడివని అడిగితే చెయ్యెత్తి చెరువు వైపు చూపించాడు. హరార్ పట్నానికి తాగునీరిచ్చిన ఆ చెరువు 2000ల మధ్య నాటికి పూర్తిగా ఎండిపోయింది. కొండల మట్టి కొట్టుకొచ్చి పూడింది, చుట్టూ చేలకు వందల మోటార్లు తోడాయి. ఇటీవలి వర్షాలకు, పూడిక పనులకు మళ్లీ నీరు చేరింది. మేము వెళ్లేసరికి కొంగలు దిగి ఉన్నాయి. గట్టు మీద మోటార్లూ మోగుతున్నాయి. ఒకసారి చెరువు చచ్చిపోవడం కళ్లారా చూసినవాళ్లే మళ్లీ పైపులు దించుతున్నారు. కోపం వచ్చింది. ఆ రైతు ఇంటి రేకులు గుర్తొచ్చాక ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

చేలో పురుగుమందు డబ్బాలు కనిపించాయి. చిగురుకు పురుగు తగిలితే ధర ఉండదు కనుక కోతకు కొద్ది రోజుల ముందు కూడా కొడతారు. కొన్న ఆకును చాలామంది కడగరు, బట్టతో తుడిచి నోట్లో పెట్టుకుంటారు.

బుధవారం, మళ్లీ డిరే దావా

బుధ, శుక్రవారాలు అక్కడి క్రైస్తవులకు ఉపవాసం. హోటళ్లలో మాంసం లేని భోజనం పుష్కలం. పుల్లటి దోసె లాంటి పెద్ద ఇంజెరా మీద కందిరంగు పప్పు, శనగపిండి షిరో, క్యాబేజీ, బీట్‌రూటు వేసి తెచ్చారు. తమ్ముడి స్నేహితుడైన డాక్టరు మాతో పాటు ఒకే పళ్లెంలో తిన్నాడు. విడివిడిగా పళ్లాలు అడగడం అక్కడ దూరంతనంగా భావిస్తారు.

ఆయన మాటలు ఇక్కడ రాయాలి. ఖాత్ వల్ల గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఇది ముప్పు. ఆకలి చస్తుంది, మలబద్ధకం, కడుపుమంట, పళ్లూ చిగుళ్లూ పాడవుతాయి. గర్భిణులు నమిలితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదముంది. పరీక్షల ముందు రాత్రుళ్లు మేలుకోవాలని మొదలుపెట్టిన విద్యార్థులు పరీక్షలయ్యాకా మానలేకపోతారు. మానసిక జబ్బు ఉన్నవాళ్లకు ఇది తోడైతే భ్రమలు, అనుమానాలు ముదురుతాయి. "అయితే నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఖాత్ మనిషి కాదు, ఖాత్ తరువాత తాగిన మనిషి" అన్నాడు. మిర్కానా దిగకపోతే నిద్ర రాదు. దాన్ని దింపడానికి బీరో, అరకీ సారాయో తాగుతారు. ఆ తాగుడుకూ ఒక పేరుంది, చెబ్సీ. పొద్దున లేవలేరు, లేచాక ఒళ్లు కదలదు, మళ్లీ ఆకు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో దీన్ని దుర్వినియోగమయ్యే మత్తుపదార్థంగా గుర్తించింది. 2006లో ఆ సంస్థ నిపుణుల సంఘం అంతర్జాతీయ నియంత్రణ అవసరమయ్యేంత ప్రమాదం కాదంది. నిషేధమే మందని నేను అనను. నాకు కనిపించిన నష్టం మధ్యాహ్నాల్లో ఉంది, కూలి డబ్బులో ఉంది. 600లో 250 పోయిన ఇంట్లో పాలు తగ్గుతాయి, బడి ఫీజు వాయిదా పడుతుంది. మొగుడి ఖర్చుకూ పిల్లల ఆకలికీ మధ్య లెక్క సరిచేసేది ఆడది.

ఆ సాయంత్రం తమ్ముడి ఇంట్లో పనిచేసే ఆమె కాఫీ కాచింది. పచ్చి గింజలు పెనం మీద వేయించి, ఆ పొగ మా ముఖాల దాకా తెచ్చి చూపించి, రోట్లో దంచి, మట్టికూజాలో మూడుసార్లు మరిగించింది. మూడు విడతలు తాగకుండా లేవడం మర్యాద కాదు. రెండో విడతలో తన ఈకుబ్ సంగతి చెప్పింది. మన చిట్టీల వంటిదే. వీధిలో ఇరవై మంది ఆడవాళ్లు వారం వారం డబ్బు వేస్తారు, చీటీ తీసి ఒకరికి మొత్తం ఇస్తారు. జీతం రోజున భర్త చేతికి అందకముందే ఆమె ముందుగా అక్కడ కట్టేస్తుంది. వచ్చే నెల తన వంతు.

ఆ డబ్బుతో ఏం చేస్తావని మరదలు అడిగింది. కుట్టుమిషను కొంటుందని నేననుకున్నాను.

"చాత్ బడ్డీ పెడతాను" అంది. ఖాత్‌ను అక్కడ చాత్ అంటారు. మలుపులో చోటుకు ఒక ఆవిడతో మాట్లాడేసింది. బల్ల, గొడుగు, రెండు గోనెలు, నీళ్ల డబ్బా, మొదటి రోజు సరుకు, అన్నీ కలిపి ఎంతవుతుందో వేళ్ల మీద చెప్పింది. బట్టలు కుడితే పండగలకే డబ్బు, కూరగాయలు పెడితే సగం కుళ్లిపోతాయి, ఆకు మాత్రం రోజూ పోతుందంది. ఎలాగూ ఆయన ఎవరికో ఇచ్చే 250 తన గల్లాపెట్టెలోకే వస్తుందని కూడా అంది.

వద్దని చెప్పడానికి నా దగ్గర ఆమెకు పనికొచ్చే ఇంకో వ్యాపారం లేదు. అవదాయ్ పెద్దావిడ రోజుకు మూడు నాలుగు రకాలుగా ఎలా విడదీస్తుందో, ఎప్పుడెప్పుడు నీళ్లు చిలకరిస్తుందో అడిగింది. చూసినంత వరకు చెప్పాను. మరదలు అవన్నీ ఆమె భాషలో తిరిగి చెప్పింది. మూడో విడత కాఫీ పోసి, బడ్డీ తెరిచే రోజున తొలి కట్ట ఎవరికీ అరువివ్వనని, ముఖ్యంగా మొగుడికి, మాట ఇచ్చింది.